పాత ల్యాప్‌టాప్‌కు ఏ లినక్స్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చెన్నై పెరంబూరులో నివసిస్తున్న విశ్రాంత ఉద్యోగిని. మా ఇంట్లో 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. అందులో నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. అంతకన్నా పాతదైన కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ కూడా ఉంది, దానికి 2 జీబీ ర్యామ్. రెండింటిలోనూ విండోస్ 10 నత్తనడక నడుస్తోంది. వార్తలు చదవడం, బ్యాంకు పనులు, రైలు టికెట్లు, తెలుగులో ఉత్తరాలు టైపు చేయడం, ఇంతకుమించి మాకు అవసరాలు లేవు. రిచీ స్ట్రీట్‌లోని దుకాణదారు కొత్తది కొనమన్నారు. మా అబ్బాయి విండోస్‌కు బదులు ఉబుంటు అనే లినక్స్ అంటున్నాడు. ఒక మిత్రుడు మన చెన్నైలోనే తయారైన బాస్ లినక్స్ ఉండగా వేరేది ఎందుకంటున్నారు. ఏది ఎంచుకోవాలి? పాత ఫైళ్లు పోకుండా ఎలా ఎక్కించుకోవాలి?

జవాబు: దుకాణదారు మాటలో కొంత నిజం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్‌ను, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను కోరుతుంది కనుక మీ ల్యాప్‌టాప్‌కు అందులో చోటు లేదు. భద్రతా సవరణలు అందని వ్యవస్థ మీద బ్యాంకు పనులు చేయడమూ మంచిది కాదు. అయితే విండోస్‌కు పనికిరానంత మాత్రాన యంత్రం పాడైపోయినట్టు కాదు. మీరు చెప్పిన పనులన్నీ దాదాపుగా బ్రౌజరులో జరిగేవే కనుక ఆ ల్యాప్‌టాప్ ఇంకా కొన్నేళ్లు మీకు పనిచేసి పెట్టగలదు.

ఏ లినక్స్ అనే ప్రశ్నకన్నా ముందు ఒక ఖర్చు గురించి చెప్పాలి. మీ ల్యాప్‌టాప్ నెమ్మదికి ప్రధాన కారణం తిరిగే హార్డ్ డిస్క్. దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) ఒకటి, 240 జీబీది చాలు, పెట్టించుకోండి. ఖాళీ స్లాటు ఉంటే 4 జీబీ ర్యామ్ కూడా చేర్పించండి. ఇది చేయకుండా ఎంత తేలికైన లినక్స్ ఎక్కించినా మీకు తృప్తి కలగదు. దీనివల్ల ఇంకొక మేలు కూడా ఉంది, నా దృష్టిలో అసలు మేలు అదే: విప్పిన పాత డిస్కును చెరపకుండా బీరువాలో దాచుకుంటే, మీ ఫైళ్లన్నీ, మీ విండోస్‌తో సహా, ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. లినక్స్ నచ్చకపోతే నాలుగు మరలు విప్పి దాన్నే మళ్లీ బిగించుకోవచ్చు. ఒకే డిస్కును రెండు భాగాలు చేసి రెండు వ్యవస్థలనూ ఉంచుకోవడం సాధ్యమే గాని, అలవాటు లేని చేతులు తప్పు భాగాన్ని చెరపడం అక్కడే జరుగుతుంది. ఫొటోలు, ముఖ్యమైన పత్రాలు మాత్రం మరొక పెన్ డ్రైవ్‌లోకి కూడా నకలు తీసుకోండి. పాత డిస్కును ఎల్లకాలం నమ్మలేము.

ఇక ఎంపిక. లినక్స్ అంటే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంటే యంత్రాన్ని నడిపే మూల భాగం, మాత్రమే. దానికి తెర, మెనూలు, బ్రౌజరు, ఆఫీసు పనిముట్లు చేర్చి వాడుకకు సిద్ధంగా అందించే కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు. మీ మిత్రుడు చెప్పిన బాస్ కూడా అటువంటిదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం దాన్ని డెబియన్ అనే మరొక డిస్ట్రిబ్యూషన్ ఆధారంగా రూపొందించింది, భారతీయ భాషల మీద శ్రద్ధ పెట్టింది. దాని మీద నాకు గౌరవమే ఉంది. కానీ ఇంట్లో వాడే కంప్యూటర్ ఆదివారం సాయంత్రం మొరాయిస్తే, అదే ఇబ్బంది పడిన మరొకరి జవాబు సులువుగా దొరకాలి, మీ అబ్బాయి ఫోనులోనే దారి చెప్పగలగాలి. ఆ కారణంగా ఉబుంటు కుటుంబానికి చెందిన లినక్స్ మింట్‌ను సూచిస్తాను. మీ అబ్బాయికి తెలిసిన ఉబుంటు పద్ధతులు చాలావరకు దీనికీ వర్తిస్తాయి. మెనూ ఎడమవైపు కింద మూలనే ఉంటుంది కనుక విండోస్‌కు అలవాటు పడినవారికి చేయి తడబడదు. మింట్ 22 వరుసకు 2029 వరకు సవరణలు అందుతాయి. మింట్ రకాల్లో ల్యాప్‌టాప్‌కు సిన్నమన్ కూర్పు తీసుకోండి. ర్యామ్ పెంచకపోతే, ఇంకా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు మేలు.

మింట్ అధికారిక వెబ్‌సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలును (వ్యవస్థ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దించుకుని, రూఫస్ వంటి ఉపకరణంతో 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి; ఆ డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్‌ను తిరిగి ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ మీట నొక్కితే (ఏ మీటో కంపెనీని బట్టి మారుతుంది) పెన్ డ్రైవ్‌ను ఎంచుకునే జాబితా వస్తుంది. అక్కడి నుంచి మింట్ ఏదీ ఎక్కించకుండానే తెరుచుకుంటుంది. తొందరపడకుండా ఒక గంట సేపు అలాగే వాడి చూడండి: వైఫై, శబ్దం, కెమెరా, టచ్‌ప్యాడ్, ప్రింటరు అన్నీ పరీక్షించండి. కొన్ని పాత వైఫై చిప్‌లకు విడిగా డ్రైవరు (ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) కావలసి ఉంటుంది. అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఇంటర్నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌తో దాన్ని తెప్పించుకోవాలి.

అంతా బాగుంటే తెర మీది ఇన్‌స్టాల్ గుర్తును నొక్కండి. డిస్కు మొత్తం చెరిపి ఎక్కించాలా అని అడిగినప్పుడు, లోపల ఉన్నది కొత్త ఎస్‌ఎస్‌డీయే కనుక భయపడకుండా సరే అనవచ్చు. పాటలు, వీడియోలు ఆడించే మల్టీమీడియా కోడెక్‌ల ప్రశ్నకు కూడా సరే అనండి. సమయ మండలం అడిగే చోట చెన్నై పేరు కనిపించదు, కోల్‌కతా అని ఉంటుంది, అది సరైనదే. పని ముగిశాక అప్‌డేట్ మేనేజర్‌ను ఒకసారి నడిపి, టైమ్‌షిఫ్ట్‌ను అమర్చుకోండి. ఏదైనా సవరణ వికటిస్తే వ్యవస్థను ముందు రోజు స్థితికి అది తీసుకెళ్తుంది, కానీ మీ సొంత ఫైళ్లను కాపాడే బాధ్యత దానిది కాదు.

తెలుగు టైపింగు విషయంలో మీరు నష్టపోయేది లేదు. టైపింగు పద్ధతులను మార్చుకునే ఐబస్ ఉపకరణాన్ని, దాని ఎం17ఎన్ పొదిని ఎక్కించుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులు కూడా దొరుకుతాయి, కనుక మీ వేళ్లకు అలవాటైనదాన్నే కొనసాగించవచ్చు.

డెస్క్‌టాప్ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 2 జీబీ ర్యామ్‌తో ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు ఎక్కుతుంది, ఉత్తరాలు టైపు చేయడానికీ పాటలు వినడానికీ సరిపోతుంది. బ్రౌజరులో నాలుగైదు పేజీలు తెరిచేసరికి ఆయాసపడుతుంది. ఆ లోపం నేటి వెబ్‌సైట్ల బరువులో ఉంది, ఏ డిస్ట్రిబ్యూషనూ దాన్ని తగ్గించజాలదు.

ప్రశ్న: అంబత్తూరులో డీటీపీ పని చేస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు తయారు చేస్తాను. నేను కూడా లినక్స్‌కు మారవచ్చా?

జవాబు: ఈ పనికి వాడే యంత్రాన్ని మార్చవద్దు. మీ పాత ఫైళ్లలోని అక్షరాలు, ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణానివి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చిన పద్ధతి అది. పేజ్‌మేకర్ గాని, మీ కీబోర్డును నడిపే అను సాఫ్ట్‌వేర్ గాని లినక్స్‌కు లేవు. ఆ విండోస్ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి వాడుకుంటూ, కొత్తగా చేపట్టే పనిని వేరొక యంత్రంలో యూనికోడ్‌తో లిబ్రే ఆఫీస్‌లోనో పేజీలు కూర్చే స్క్రైబస్‌లోనో మొదలుపెట్టండి. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి గాని, వత్తుల దగ్గర పొరపాట్లు దొర్లుతాయి కనుక మార్చిన ప్రతి పేజీనీ మళ్లీ ప్రూఫు చూడక తప్పదు.

ప్రశ్న: వేళచ్చేరిలో ఉంటాము. ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకున్నాము. ఉబుంటు వాడి విండోస్‌కు వెళ్లిన ప్రతిసారీ గడియారం తప్పుతోంది. బ్యాటరీ మార్చాలా?

జవాబు: తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే బ్యాటరీ దోషం కాదు. మదర్‌బోర్డులోని గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, గ్రీనిచ్ లెక్కన ఉండే యూటీసీ అని లినక్స్ అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశానికి సెట్-లోకల్-ఆర్‌టీసీ అనే ఎంపికను 1గా ఇస్తే (timedatectl set-local-rtc 1) రెండూ ఒకే లెక్కకు వస్తాయి. ఆ తరువాత విండోస్‌లో ఒకసారి సమయాన్ని సరిచేసుకోండి.