పిజ్జాపై పండు ముక్కలా?

ప్రశ్న: మేము శాకాహారులం. త్వరలో ఇటలీ వెళుతున్నాము. అక్కడ టమాటా సాస్ లేకుండా పియర్ పండు ముక్కలు, గోర్గొంజోలా చీజ్ వేసి పిజ్జా చేస్తారని విన్నాము. అది తినదగినదేనా?

జవాబు: రుచి విషయంలో సందేహం అక్కరలేదు. చీజ్‌తో పియర్ పండు ఎంత బాగుంటుందో రైతుకు తెలియనివ్వవద్దని ఇటలీలో ఒక సామెతే ఉంది. లొంబార్డీ, పియెమోంతే ప్రాంతాల్లో ఆవుపాలతో తయారయ్యే గోర్గొంజోలాలో నీలిరంగు బూజు చారలుంటాయి. దాని ఉప్పదనాన్ని, ఘాటును పండు తీపి చక్కగా అదుపులో ఉంచుతుంది. టమాటా పులుపు తోడైతే ఆ పొందిక చెదిరిపోతుంది కనుకనే సాస్ వేయరు. పైన చల్లే అక్రోట్ల కరకర నాకెంతో ఇష్టం.

అయితే మీరు శాకాహారులు కనుక ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. గోర్గొంజోలా తయారీలో పాలను విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌ను వాడతారు. పార్మెజాన్‌కూ ఇదే వర్తిస్తుంది. నియమం ఖచ్చితంగా పాటించేవారైతే చీజ్ అసలే వేయని మరినారాను అడగండి. టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనెలతో చేసే ఆ నేపుల్స్ పిజ్జా మిమ్మల్ని ఏమాత్రం నిరాశపరచదు.