దూరవిద్యలో ఎలక్ట్రికల్ బి.టెక్: అంబత్తూరు నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఈఈఈలో డిప్లొమా చేసి, నాలుగేళ్లుగా చెన్నై అంబత్తూరులో ప్యానెల్ బోర్డులు (మోటార్లకు కరెంటు అందించి అదుపుచేసే స్విచ్చుల పెట్టెలు) తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం 21,000. ఇంటికి నెలకు 8,000 పంపాలి కాబట్టి ఉద్యోగం మానలేను. డిగ్రీ లేదన్న కారణంతో రెండుసార్లు ప్రమోషన్ చేజారింది. దూరవిద్యలో రెండేళ్లలో ఎలక్ట్రికల్ బి.టెక్ చేయిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు 1,80,000 అడిగారు. 10,000 అడ్వాన్సు ఇచ్చాను. మిగతాది నెలాఖరులోగా కట్టాలట. కట్టమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఇక ఒక్క రూపాయి కూడా కట్టకండి. దూరవిద్యలో చేసిన బి.టెక్ మన దేశంలో చెల్లదు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులపై యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్‌ను ఆ పద్ధతిలో నడపకూడదు. ఎంబీఏ, ఎంసీఏ లాంటివి దూరవిద్యలో ఉన్నాయి కదా అని, అదే నోటితో బి.టెక్ కూడా ఉందని నమ్మిస్తారు. పైగా రెండేళ్లట! డిప్లొమా తర్వాత నేరుగా రెండో సంవత్సరంలో చేరినా మూడేళ్లు చదవాల్సిందే.

నా దగ్గరకు ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చారు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు. మార్కుల జాబితాలు, ప్రొవిజనల్, ఒరిజినల్ అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి వరుసగా సర్దుకున్నారు. దూరవిద్యలో తెచ్చుకున్న ఇంజినీరింగ్ డిగ్రీ అది. కొత్త కంపెనీ సర్టిఫికెట్ల తనిఖీలో అది నిలబడలేదు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇలాంటి డిగ్రీల గురించే. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల్లో, 2001 నుంచి 2005 వరకు చేరినవారివి నిలిపివేసి, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి) పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయని చెప్పింది. ఆ తర్వాత చేరినవారివి రద్దు చేసింది. ఆ డిగ్రీ మీద వచ్చిన ప్రయోజనాలూ పోయాయి. ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఆ కవర్లను మళ్లీ ఒక్కొక్కటిగా ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయారు. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు ఆ చేతులే గుర్తుకొచ్చాయి.

ఈ నిబంధనను కేవలం అధికారుల పట్టుదల అనుకోకండి. మీరు రోజూ బిగించే స్టార్ డెల్టా స్టార్టరునే తీసుకుందాం. మోటారును మొదట తక్కువ వోల్టేజి అందే స్టార్ కలయికలో కదిలించి, వేగం అందుకున్నాక పూర్తి వోల్టేజి అందే డెల్టాకు మారుస్తుంది. మూడు కాంటాక్టర్లు, ఒక టైమరు, ఒక ఓవర్‌లోడ్ రిలే. ఆ వైరింగ్ మీకు కళ్లు మూసుకున్నా వస్తుంది. స్టార్‌లో మోటారు తీసుకునే లైను కరెంటు డెల్టాలో తీసుకునేదానిలో మూడో వంతు అని కూడా మీకు తెలుసు. మూడో వంతే ఎందుకు? వైండింగు (మోటారు లోపలి తీగ చుట్ట) మీద వోల్టేజి 1.732 రెట్లు తగ్గుతుంది, కాబట్టి వైండింగులో కరెంటూ అంతే తగ్గుతుంది. డెల్టాలో లైను కరెంటు వైండింగు కరెంటుకు 1.732 రెట్లు, స్టార్‌లో రెండూ ఒకటే. ఈ రెండు తగ్గుదలలూ కలిస్తే మూడో వంతు. టార్కు, అంటే మోటారు తిప్పే బలం, కూడా మూడో వంతుకు పడిపోతుంది. అందుకే ఫ్యాన్లకు సరిపోయిన ఈ ప్యానెల్, నిండా లోడున్న కన్వేయర్‌కు పెడితే మోటారు మూలుగుతూ నిలబడిపోతుంది. ఇక స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది, చూసే ఉంటారు. రోటరులో ఇంకా చావని అయస్కాంత క్షేత్రం పుట్టించే వోల్టేజికీ, అప్పుడే తగిలే సప్లయికీ లయ కుదరకపోవడం వల్ల అలా జరుగుతుంది. ఎంత ఎగదన్నుతుందో లెక్క కట్టడానికి డిఫరెన్షియల్ సమీకరణాలు కావాలి. ప్యానెల్ బిగించేవారికీ డిజైన్ చేసేవారికీ తేడా అక్కడే వస్తుంది. మీ కంపెనీ డిగ్రీ అడుగుతున్నది కూడా దీని కోసమే. ఈ చదువుకు ల్యాబు కావాలి, తప్పు చేస్తే పక్కన నిలబడి ఆపే గురువు కావాలి.

ఉద్యోగం మానకుండా చదవడానికి సక్రమమైన దారి ఉంది. ఉద్యోగం చేస్తున్నవారి కోసం కాలేజీలు ప్రత్యేక బ్యాచ్‌లు నడుపుకోవడానికి ఏఐసీటీఈ 2023–24 నుంచి వీలు కల్పించింది. కనీసం ఏడాది ఉద్యోగానుభవం ఉన్న డిప్లొమావారు బి.టెక్ లేదా బి.ఇ. రెండో సంవత్సరంలో చేరవచ్చు. తరగతులు సాయంత్రం పూట, లేదా ఉద్యోగులకు వీలైన వేళల్లో ఉంటాయి. ఇది దూరవిద్య కాదు. కాలేజీకి వెళ్లాలి, ల్యాబులు చేయాలి, విశ్వవిద్యాలయ పరీక్షలు రాయాలి. మీ అర్హతకు, మీ ఇంటి పరిస్థితికి నాకు కనబడుతున్న మంచి మార్గం ఇదే.

అయితే ఈ బ్యాచ్‌కు అనుమతి అన్ని కాలేజీలకూ ఉండదు. అంబత్తూరు నుంచి ఆవడి, పూందమల్లి, తిరువళ్లూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. ఒక శనివారం సెలవు పెట్టి మూడు నాలుగు కాలేజీలకు స్వయంగా వెళ్లండి. "ఉద్యోగుల బ్యాచ్‌లో ఎలక్ట్రికల్ సీట్లకు ఈ విద్యా సంవత్సరం ఏఐసీటీఈ ఇచ్చిన అనుమతి పత్రం చూపించండి" అని అడగండి. పత్రం చూపించకుండా ఫీజుల సంగతి ఎత్తితే లేచి వచ్చేయండి. మీ డిప్లొమా ఆంధ్రప్రదేశ్ బోర్డుది కాబట్టి, మీకు ప్రవేశం ఏ కోటాలో ఇస్తారో, ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ ఎవరు తేవాలో కాగితం మీద రాయించుకోండి. కంపెనీ నుంచి అనుభవ ధ్రువపత్రం, అభ్యంతరం లేదన్న లేఖ ముందే తీసుకోండి. షిఫ్టులు మారే పనైతే జనరల్ షిఫ్టు ఇవ్వమని మీ మేనేజరుతో ఇప్పుడే మాట్లాడాలి. చేరిన తర్వాత మాట్లాడదామనుకున్నవారు మొదటి సెమిస్టరులోనే హాజరు చాలక ఆగిపోవడం చూశాను. క్లాసులో తమిళం గురించి దిగులు వద్దు. నాలుగేళ్లు షాప్‌ఫ్లోర్‌లో నెగ్గుకొచ్చిన తమిళం చాలు. పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లీషులోనే.

మీకు ఇంకొందరు ఏఎంఐఈ చేయమని చెబుతారు. 1920లో మొదలైన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే పరీక్ష అది. వర్క్‌షాపుల్లో పనిచేస్తూ దాన్ని రాసి ఇంజినీర్లయిన పాత తరం మీద నాకు ఎంతో గౌరవం. కానీ కేంద్ర ప్రభుత్వం డిగ్రీతో సమానంగా గుర్తించింది 2013 మే 31 వరకు నమోదైనవారికి. ఈరోజు మొదలుపెట్టేవారికి నేను దాన్ని సూచించను. ఐఐటీ మద్రాసు 2023లో ప్రారంభించిన ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ బి.ఎస్. కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది నిజమైన, మంచి కోర్సు. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు కేంద్రాల్లో, కొన్ని ల్యాబులకు క్యాంపస్‌కు వెళ్లాలి. కానీ అది బి.టెక్ కాదు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల కన్నా ఎలక్ట్రానిక్స్ వైపు నడుస్తుంది. విద్యుత్ సంస్థల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పోస్టుల మీద ఆశ ఉంటే మీకు కావలసింది ఎలక్ట్రికల్ బి.ఇ. లేదా బి.టెక్.

సీటు దొరికేలోగా మీరు చేయాల్సిన పెద్ద పని లెక్కలు. డిప్లొమా నుంచి రెండో సంవత్సరంలోకి వచ్చినవారు తడబడేది యంత్రాల దగ్గర కాదు. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్, కాంప్లెక్స్ సంఖ్యలు, డిఫరెన్షియల్ సమీకరణాలు ముంచేస్తాయి. తోటివారు మొదటి ఏడాది చదివిన గణితం మీకు ఉండదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో ఇంజినీరింగ్ గణితం, సర్క్యూట్ల పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. ఉదయం ఐదున్నరకు లేచి గంట చొప్పున ఆరు నెలలు చేయండి. ఫోనులో చూసి వదిలేయకుండా, ప్రతి లెక్కనూ నోటుపుస్తకంలో చేత్తో వేయండి.

ఇంకొక మాట. వీలైతే ప్యానెల్ వైరింగ్ నుంచి ఏదైనా ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగానికి మారే ప్రయత్నం చేయండి. ఇంధన వినియోగానికి సంబంధించిన పనిలో ఆరేళ్ల అనుభవం ఉంటే, డిప్లొమాతోనే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి ఎనర్జీ మేనేజర్ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ చేతికి వచ్చేలోపు జీతం పెరగడానికి ఉపయోగపడుతుంది.

ఆ 10,000 తిరిగి ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి. రసీదు, ఫోను సందేశాలు భద్రపరచండి. ఇవ్వకపోతే, ఆ పది వేలు పోతాయన్న బాధతో మిగిలిన 1,70,000 కట్టే పని మాత్రం చేయకండి. మీ డిప్లొమా, పదో తరగతి ఒరిజినల్స్ వాళ్ల దగ్గర పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టి ఉంటే డబ్బు సంగతి తర్వాత, ముందు వెళ్లి ఆ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. ఒక్కరే వెళ్లకండి, కంపెనీలో పెద్దవారెవరినైనా వెంట తీసుకెళ్లండి.