నదినీ చిన్న వ్యాపారాలనీ బొమ్మల్లోకి తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

దగ్గర్లోని నదినీ, చుట్టుపక్కల చిన్న చిన్న వ్యాపారాలనీ ఎంత వేసినా క్యాలెండర్ బొమ్మలాగే వస్తోందని అడిగారు. నేనూ చాలాకాలంగా ఇవే వేస్తున్నాను కాబట్టి నాకు పనికొచ్చింది చెప్తాను. అందమైన చోటు వెతకడం మానేసి, నీళ్లతో పనున్న మనుషులు ఉండే చోటు వెతకండి. పడవలు బాగుచేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, బట్టలకు రంగులద్దేవాళ్లు. వాళ్లకు నది అంటే వెనకాల వేలాడే తెర కాదు. ఒక పడవల షెడ్డు గోడ మీద సుద్ద గీతలు ఏమిటని అడిగితే, ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మేస్త్రి ఒక్కో గీత చూపిస్తూ చెప్పాడు. ఆరోజు నది వైపు తిరగనే లేదు, ఆ గోడనే వేశాను. నా బొమ్మల్లో నదికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే అనిపిస్తుంది.

ఇక నీళ్లు. దయచేసి నీలం పూసేయకండి. కాళ్ల దగ్గర నీళ్లలోకి నిటారుగా చూస్తే, పైన పడ్డ వెలుగులో వెనక్కి తిరిగొచ్చేది 2 శాతమే. అందుకే అక్కడ అడుగున రాళ్లో, బురద రంగో కనిపిస్తుంది. దూరానికి వెళ్లేకొద్దీ చూపు ఏటవాలుగా పడి ప్రతిబింబం బలపడుతుంది, ఆకాశం రంగు వచ్చేస్తుంది. ఈ మార్పు ఒక్కటి పట్టుకున్నా నీళ్లు పడుకుంటాయి, లేకపోతే గోడలా నిలబడతాయి. నీళ్లలో వంతెన ప్రతిబింబం వేసేటప్పుడు పైన వేసిందే తలకిందులుగా దించకండి. మనకు నేరుగా కనిపించని వంతెన అడుగు భాగం నీళ్లలో కనిపిస్తుంది.

ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1870లలో ఒక పడవనే స్టూడియోగా మార్చుకుని ఫ్రాన్స్‌లోని సెన్ నది మీద బొమ్మలు వేశాడు. 1896, 97లలో తెల్లవారకముందే లేచి అదే నదిని వేసేవాడు, వెలుగు మారగానే ఇంకో కాన్వాసు తీసేవాడు. మనకు అన్ని కాన్వాసులు అక్కర్లేదు, జేబులో పట్టే పుస్తకం చాలు. రాత్రి నదికి మాత్రం నాది మోనే కాలంలోనే ఉన్న ఇంకో చిత్రకారుడు విస్లర్ దారి. ఆయన లండన్‌లో థేమ్స్ నదిని చూసి గుర్తుపెట్టుకుని, తర్వాత స్టూడియోలో వేసేవాడు. చీకట్లో రంగులు కలపడం ఎలాగూ అయ్యే పని కాదు కదా.

వ్యాపారాల దగ్గర చాలామంది బోర్డు, తలుపు వేసి ఆగిపోతారు. నాకైతే పని బల్ల ముఖ్యం. చెయ్యి పడీ పడీ నునుపెక్కిన చోటు, చేతికందేలా పెట్టుకున్న పనిముట్లు అక్కడే కనిపిస్తాయి. మనుషులు కదులుతుంటారని టెన్షన్ పడొద్దు. పనిలో ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకే పేజీలో మూడు నాలుగు భంగిమలు మొదలుపెట్టి, ఏది తిరిగొస్తే దానికి రెండు గీతలు చేర్చండి.

గిరాకీ ఉన్న వేళ వెళ్లకండి, అడగకుండా మొదలుపెట్టకండి. ముఖం గుర్తుపట్టేలా వేసి అమ్మే ఉద్దేశం ఉంటే ముందే చెప్పండి. పూర్తయ్యాక ఒక ప్రింటు ఇవ్వండి, పనిముట్టు పట్టు తప్పుగా ఉంటే వాళ్లే చెప్తారు. తమ షాపులో బొమ్మలు అమ్మిపెడతామంటే కమీషన్ ఎంత, పాడైతే నష్టం ఎవరిది అన్నవి కాగితం మీద రాసుకోండి. ఎండ తగిలే అద్దం పక్కన మాత్రం పెట్టనివ్వకండి, వాటర్ కలర్ వెలిసిపోతుంది.