చదవడం కష్టమైతే బడి మార్చాలా?

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. పాఠం వింటే చక్కగా తిరిగి చెబుతాడు గానీ, చదవమంటే కూడబలుక్కుంటాడు, ఒత్తులు వదిలేస్తాడు, 'మ'ను 'య' అంటాడు. డాక్టరుగారు డిస్లెక్సియా అన్నారు. బడివాళ్లు ప్రత్యేక పాఠశాలలో చేర్చమంటున్నారు. ఏం చేయాలండీ?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, బాబును ఆ బడిలోనే కొనసాగించండి. విన్నది అర్థం చేసుకుని నోటితో సరైన జవాబు చెప్పగల పిల్లవాడికి తెలివి తక్కువ కాదు. అచ్చులోని అక్షరాన్ని దాని ధ్వనితో జతపరచడమే అతనికి కష్టం. డిస్లెక్సియా అంటే ఇదే. 1995 నాటి వికలాంగుల చట్టంలో లేని ఈ అభ్యసన వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాక, గుర్తింపు పొందిన ప్రైవేటు బడులు కూడా ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, వారి ఇబ్బందిని వీలైనంత త్వరగా కనిపెట్టి తగిన విధంగా బోధించాలని ఆ చట్టం 16వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కనుక 'మా వల్ల కాదు' అని పంపించివేయడం సరికాదు.

తరగతి టీచరుగారితో విడిగా మాట్లాడండి. అందరి ముందు లేపి చదివించడం ముందుగా మానాలి. తోటివాళ్లు నవ్విన కొద్దీ పుస్తకమంటే భయం పెరుగుతుంది. బోర్డు చూసి రాసుకోమనే బదులు ఆ నోట్సును కాగితం మీద ఇవ్వవచ్చు. పరిసరాల విజ్ఞానంలో అతనికి ఎంత తెలుసో నోటితో అడిగి తెలుసుకోవచ్చు. తెలుగు చదివించేటప్పుడు 'అక్క', 'పువ్వు' వంటి మాటల్లో ఒత్తును వేరే రంగుతో రాసి, వేలితో దిద్దిస్తూ బిగ్గరగా పలికించి, ద్విత్వాక్షరాలు పట్టుబడ్డాకే 'పద్మ' వంటి సంయుక్తాక్షరాలకు వెళ్లాలి. తప్పిన మాటను ఇరవైసార్లు రాయించే ట్యూషన్లు మాత్రం వద్దే వద్దు. చెయ్యి నొప్పి పుడుతుందే తప్ప చదవడం రాదు.

పెద్ద తరగతిని ఒంటరిగా నెట్టుకొచ్చే టీచరుకు ఇది అదనపు శ్రమే. ఇందుకు సాయపడేందుకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు, అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నారు. వారిని సంప్రదించండి.

ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ఈ వైకల్య ధ్రువపత్రం ఇస్తారు కాబట్టి దానికి ఇప్పుడే దరఖాస్తు చేయండి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, భాషల్లో మినహాయింపు వంటి వెసులుబాట్లు అడగడానికి అది అవసరమవుతుంది. బోధనలో మార్పులకు మాత్రం అది చేతికొచ్చేదాకా ఆగనక్కర్లేదు. అయినా బడివారు ఒప్పుకోకపోతే మీ విన్నపాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకుని, ఆ నకలుతో మండల విద్యాధికారిని కలవండి.