మాస్టారిని లెక్క అడిగితే తప్పా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఊళ్ల బడుల్లో పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేసి చూపించడానికి ఎనిమిదేళ్ల కిందట తొమ్మిదిమందిమి కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించాం. కార్యదర్శి రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన భార్యే కోశాధికారి. ఆఫీసు వాళ్లింట్లో ఒక గది, దానికి అద్దె తీసుకుంటారు. చందాలు ఎక్కువగా మాస్టారి ఫోన్ నంబరుకే వస్తాయి. రెండేళ్లుగా లెక్కలు చూపించలేదు. అడిగితే "నా మీదే అనుమానమా? టెలిస్కోపు నా పెన్షన్ డబ్బుతో కొన్నాను" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు కూడా రెండు లక్షలు పంపాడు. శ్రీకాకుళంలో ఉన్న స్నేహితుడు సెక్షన్ 23 కింద జిల్లా కోర్టుకు వెళ్లమంటున్నాడు. కొందరు సభ్యులు సొసైటీ మూసేసి సామాన్లు పంచుకుందామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సెక్షన్ 23 సంగతి తేల్చేద్దాం. అది ఆంధ్రప్రదేశ్ 2001లో చేసుకున్న సొసైటీల చట్టంలోది. మీ సొసైటీ ఒడిశాలో రిజిస్టరైంది కాబట్టి మీకు అది వర్తించదు. గుణుపురం నుంచి శ్రీకాకుళం జిల్లా ఎంత దగ్గరైనా చట్టం మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. మీకు వర్తించేది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు కాకముందు మీ ప్రాంతం మద్రాసు కింద ఉన్నప్పుడూ ఇదే చట్టం, ఇప్పుడూ ఇదే. ఇది చేసిందే సాహిత్య, శాస్త్ర, ధర్మాదాయ సంఘాల కోసం. మీలాంటి సంఘం ఆ చట్టానికి పరాయిది కాదు.

ఈ చట్టం 4వ సెక్షన్ ప్రకారం పాలకవర్గం సభ్యుల పేర్ల జాబితా ఏటా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజుల్లోపు ఇవ్వాలి. నియమావళిలో సమావేశం ప్రస్తావనే లేకపోతే జనవరిలో ఇవ్వాలి. 19వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారు దగ్గర దాఖలైన కాగితాలను ఎవరైనా చూడొచ్చు, ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చు. ఒడిశాలో జిల్లా సొసైటీల పని అదనపు జిల్లా మేజిస్ట్రేటు ఆఫీసులో జరుగుతుంది. మీరు మొదట చేయాల్సిన పని అదే. రాయగడ వెళ్లి నియమావళి, ఈ ఎనిమిదేళ్ల జాబితాలు, దాఖలైతే లెక్కలు, వీటి నకళ్లకు దరఖాస్తు పెట్టండి. ఆ కట్ట చేతికొస్తే సగం సందేహాలు మాస్టారిని అడగకుండానే తీరతాయి.

దరఖాస్తుకు ముందు మీ సభ్యత్వ చందా కట్టి రసీదు దాచుకోండి. 15వ సెక్షన్ ప్రకారం మూడు నెలలకు మించి బకాయి ఉన్న సభ్యుడికి ఓటు లేదు, అతన్ని సభ్యుడిగా లెక్కలోకి కూడా తీసుకోరు. న్యాయం మీ వైపు ఉన్నా ఈ ఒక్క రసీదు లేక సమావేశం బయట నిలబడాల్సి రావచ్చు.

ఇక మాస్టారి బాధ. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పెన్షన్ డబ్బుతో టెలిస్కోపు కొని, ఊరి పిల్లలకు శని వలయాలు చూపించిన మనిషి గౌరవానికి అర్హుడు. కానీ ఆ టెలిస్కోపు ఇప్పుడు ఎవరిది? ఆయన సొసైటీకి విరాళంగా ఇస్తే అది సొసైటీది, ఆ డబ్బు వెనక్కి తీసుకోవడం కుదరదు. అప్పుగా ఇస్తే తీర్మానం ఉండాలి, పుస్తకాల్లో అప్పుగా కనపడాలి, అప్పుడు నిశ్చింతగా వెనక్కి తీసుకోవచ్చు. తన దగ్గరే ఉంచుకుని వాడనిస్తున్నట్లయితే అదీ రాసి ఉండాలి. మూడింట్లో ఏదైనా తప్పు కాదు. ఏదీ రాసి లేకపోవడమే అసలు చిక్కు.

సమావేశాల తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం చూసేటప్పుడు చివరి తీర్మానానికీ సంతకాలకూ మధ్య ఖాళీ ఉందేమో గమనించండి. నా దగ్గరకొచ్చిన ఒక సంఘం పుస్తకంలో సరిగ్గా ఆ జాగాలోనే వేరే సిరాతో, అక్షరాలు ఇరికించి, "కార్యదర్శికి ఖర్చులు చెల్లించుటకు ఆమోదించడమైనది" అని ఒక వాక్యం చేరింది. సంతకాలు పెట్టిన ఏడుగురిలో ఆరుగురికి ఆ సంగతే తెలియదు. అన్నట్టు, మినిట్స్ తెలుగులో రాసుకుంటే చెల్లదని ఎవరైనా అంటే నమ్మొద్దు. కోర్టుకో ఆఫీసుకో ఇచ్చేటప్పుడు అనువాదం జతచేస్తే సరిపోతుంది.

ఫోన్ నంబరుకు వచ్చే చందాల విషయం మాత్రం వెంటనే ఆగాలి. 5వ సెక్షన్ ప్రకారం, ట్రస్టీలు లేని సొసైటీ ఆస్తి పాలకవర్గం చేతిలో ఉన్నట్టు, ఒక్క మనిషి చేతిలో కాదు. మాస్టారికి ఇలా చెప్పి చూడండి: "రేపు మీకేమన్నా అయితే ఆ ఖాతాలో ఉన్నది బ్యాంకు నామినీకి ఇచ్చేస్తుంది, సొసైటీకి ఇవ్వదు. ఆదాయపు పన్ను వాళ్లు చూస్తే అది మీ ఆదాయమే అంటారు. మీ మంచితనం వాళ్లకు కనపడదు, ఖాతా పేరు కనపడుతుంది." సొసైటీ పేరున ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు కదిలేలా తీర్మానం చేయండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. భార్య కోశాధికారిగా ఉండకూడదని 1860 చట్టంలో ఎక్కడా లేదు, మీ నియమావళిలో ఉందేమో చూడండి. లేకపోయినా, ఖర్చు పెట్టేవారూ లెక్క రాసేవారూ ఒకే కంచంలో తినేవాళ్లయితే దాతలకు నమ్మకం కుదరదు. వచ్చే ఎన్నికలో మార్చుకోండి.

అద్దె తీసుకోవడం దానికదే నేరం కాదు. గుణుపురంలో అలాంటి గదికి పలికే అద్దెనే తీసుకుంటూ, ఒప్పందం, తీర్మానం ఉంటే ఇబ్బంది లేదు. అంతకు మించితే స్థాపకుడికి లాభం చేకూర్చినట్టవుతుంది, పన్ను మినహాయింపుకే ఎసరొస్తుంది. మీకు 12ఏబీ (సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉన్నాయో లేవో రాయలేదు. ఉంటే ఏటా ఆదాయంలో 85 శాతం లక్ష్యాల మీదే ఖర్చు కావాలి. ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కకు రాదు. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు 80జి మినహాయింపు దొరకదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఆడిటరును అడిగేటప్పుడు నంబరు కాదు, విషయం చెప్పి అడగండి.

మూసేసి సామాన్లు పంచుకుందామనే మాటను దయచేసి మొగ్గలోనే తుంచండి. మూసేయాలంటే సభ్యుల్లో కనీసం అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, అప్పులు తీరాక మిగిలిన ఒక్క మైక్రోస్కోపు, ఒక్క గాజు గొట్టం కూడా సభ్యుల ఇళ్లకు పోకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. అవి మరో సొసైటీకే చేరాలి. అవి ఆ బడి పిల్లల కోసం వచ్చినవి.

నకళ్లు వచ్చాక కార్యదర్శికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. "దుర్వినియోగం", "మోసం" అనే మాటలు వద్దు. ఫలానా రెండు సంవత్సరాల నగదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్, రసీదు పుస్తకాల అడుగు ప్రతులు, వస్తువుల రిజిస్టరు సర్వసభ్య సమావేశం ముందు పెట్టమని కోరండి. నియమావళి ప్రకారం ఎంతమంది సంతకాలు చేస్తే సమావేశం పిలవాలో అంతమందితో పెట్టించండి. అయినా ససేమిరా అంటే సివిల్ కోర్టులో లెక్కల కోసం దావా వేయొచ్చు. సొమ్ము సొంతానికి వాడుకున్నట్టు కాగితాల్లో తేలితే, సభ్యుడు కదా అని వదలరు. బయటివాడి మీద పెట్టినట్టే కేసు పెట్టొచ్చని 11వ సెక్షన్ అంటుంది. 2024 జులై 1 తర్వాతి నమ్మకద్రోహానికి భారతీయ న్యాయ సంహిత 316 వర్తిస్తుంది, అంతకు ముందుదానికి పాత శిక్షాస్మృతి. కాగితం చేతికి రాకముందే ఠాణాకు వెళ్తే మాత్రం కేసు నిలవదు, మనుషులు విడిపోతారు.

మీ బాబాయి కొడుకు పంపిన రెండు లక్షల విషయం సమావేశం దాకా ఆగేది కాదు. అతను ఇప్పటికీ భారత పౌరుడే అయి, సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోవడమే నేరం. అదీ ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. ఈ రాత్రికే అతనికి ఫోన్ చేసి ఏ పాస్‌పోర్టు మీద ఉన్నాడో కనుక్కోండి. అమెరికా పాస్‌పోర్టయితే ఆ డబ్బులో ఇంకో రూపాయి కదలకుండా మాస్టారితో చెప్పి ఆపించండి. ఇంకా పంపుతానంటే వద్దనండి. ఇద్దరూ కలిసి ఈ చట్టం తెలిసిన ఆడిటరు దగ్గరకు వెళ్లండి. హోం శాఖ దగ్గర రుసుము కట్టి తప్పు సర్దుబాటు చేసుకునే దారి ఉంది, మనంతట మనం వెళ్లి చెప్పుకున్నప్పుడే అది సులువు.