కప్ప పిండంలో జన్యువుల పని ఎప్పుడు మొదలవుతుంది?

ప్రశ్న: పిండాభివృద్ధి పాఠాలలో జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప పేరు తరచుగా వస్తోంది. పిండాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే తెలియనిది జన్యుక్రమం వల్ల ఏం తెలుస్తుంది? దానిలో లేవిస్, ట్రాపికాలిస్ అనే రెండు జాతులను ఎందుకు వాడతారు?
- బీఎస్సీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: సూక్ష్మదర్శినిలో కణాలు విభజన చెందడం, కదలడం, పొరలుగా మడత పడడం కనిపిస్తాయి గాని, వాటిని నడిపించే జన్యువులేవో కనిపించవు. జెనోపస్ లేవిస్ అండం ఒక మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది, తల్లి శరీరం వెలుపల నీటిలోనే పెరుగుతుంది కాబట్టి ఏ దశలోనైనా పిండాలను సేకరించవచ్చు. ఫలదీకరణ తరువాత సుమారు పన్నెండు విభజనల వరకు పిండం ప్రధానంగా తల్లి అండంలో నిల్వ చేసిన ఆర్‌ఎన్‌ఏతో (జన్యువులు పనిచేసేటప్పుడు తయారయ్యే వాటి నకళ్లతో), ప్రొటీన్లతో నడుస్తుంది. దాదాపు నాలుగు వేల కణాలు ఏర్పడ్డాక దాని సొంత జన్యువులు పెద్ద ఎత్తున పని ప్రారంభిస్తాయి. న్యూపోర్ట్, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు 1982లో ఈ మలుపును వివరించారు. ఏయే జన్యువులు ఏ వరుసలో మొదలవుతాయన్న సమగ్ర చిత్రం మాత్రం, కొద్దికొద్ది వ్యవధిలో సేకరించిన పిండాల ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్ని చదివి జన్యుక్రమంతో పోల్చడం సాధ్యమయ్యాకే దొరికింది. ఇక్కడొక చిక్కు ఉంది: ఒకే జన్యువుకు చెందిన తల్లి ఆర్‌ఎన్‌ఏ, పిండం కొత్తగా చేసుకున్న ఆర్‌ఎన్‌ఏ కలిసిపోయి కనిపించవచ్చు. అందుకే కొన్ని పిండాలలో ఆల్ఫా అమానిటిన్ అనే విషపదార్థంతో కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపి, మామూలు పిండాలతో పోలుస్తారు.

2018లో ట్రాపికాలిస్ జాతి పిండాలలోని లక్షకు పైగా కణాలను విడివిడిగా పరిశీలించినప్పుడు, అనేక కణ రకాలు అనుకున్న దానికంటే ముందే వేరుపడుతున్నాయని తేలింది. నా దృష్టిలో ఈ రంగంలో అత్యంత విలువైన ఫలితాలలో ఇదొకటి.

ఇక రెండు జాతుల విషయం. లేవిస్‌కు 36 క్రోమోజోములు, సుమారు 1.7 కోట్ల సంవత్సరాల కిందట రెండు పూర్వజాతులు సంకరం చెందడం వల్ల సగానికి పైగా జన్యువులు నేటికీ జంటలుగా మిగిలాయి. ఒక ప్రతిని తొలగించినా రెండోది ఆ లోటు పూడ్చవచ్చు. ట్రాపికాలిస్‌కు 20 క్రోమోజోములే కాబట్టి దాని జన్యుక్రమమే ముందుగా, 2010లో, వెలువడింది; లేవిస్‌ది 2016లో వచ్చింది. అయినా ట్రాపికాలిస్ అండం చిన్నది. సూదితో పదార్థాలను ఎక్కించడానికి, కణజాలాన్ని కోసి అతికించడానికి లేవిస్ అండమే అనువైనది.

ఆర్‌ఎన్‌ఏ పట్టిక జన్యువు ఎప్పుడు పనిచేస్తుందో చెబుతుంది గాని, దాని పని ఏమిటో నిరూపించదు. అందుకు రెండు కణాల దశలో ఒక కణంలోకి మాత్రమే, ఎంచుకున్న జన్యువును కత్తిరించే క్రిస్పర్ సామగ్రిని ఎక్కిస్తారు. మొదటి విభజన సాధారణంగా కుడి ఎడమలను వేరు చేస్తుంది కాబట్టి, జన్యువు దెబ్బతిన్న పక్కను, చెక్కుచెదరని పక్కను ఒకే తోకకప్పలో పోల్చి చూడవచ్చు.