కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశాక ఫ్యాన్లు కదిలి ఆగిపోతుంటే ముందు కేబుళ్లు చూడండి

కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటిచ్చే డబ్బా) మార్చాక, బటన్ నొక్కితే ఫ్యాన్లు పావు చుట్టు తిరిగి ఆగిపోతున్నాయని, మదర్‌బోర్డు మీద లైటు మాత్రం వెలుగుతోందని, కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా పాడైనదే వచ్చిందేమోనని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: కేబుళ్లన్నీ విప్పి మళ్లీ సర్దడం కష్టమని పాతవి అలాగే ఉంచి, డబ్బా ఒక్కటే మార్చానని. అసలు సంగతి అక్కడే ఉంది. దయచేసి ఇక బటన్ నొక్కకండి. ముందు ప్లగ్గు తీసేయండి.

మాడ్యులర్ కేబుల్‌కి, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగే కేబుల్‌కి, మదర్‌బోర్డు వైపు, డిస్కు వైపు ఉండే కొసలు ఎక్కడైనా ఒకే పద్ధతిలో ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు అలాంటి పద్ధతి ఏదీ లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5, ఏది గ్రౌండు (కరెంటు తిరిగొచ్చే దారి) అన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్లకే పొత్తు కుదరకపోవచ్చు. ప్లగ్గు మాత్రం టక్కుమని కూర్చుంటుంది, అందుకే అనుమానం రాదు. 12 వోల్టుల లైను గ్రౌండుకు తగిలితే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి వెంటనే ఆగిపోతుంది. మీ దగ్గర జరుగుతున్నది ఇంతవరకే అయితే నష్టం లేకుండా బయటపడొచ్చు. అదే 12 వోల్టులు డిస్కు తాలూకు 5 వోల్టుల పిన్నులోకి వెళ్తే డిస్కు బోర్డు కాలిపోతుంది. అందుకే డిస్కుకు కరెంటిచ్చే సాటా పవర్ కేబుల్ విషయంలో అసలు తెగించకూడదు.

కాబట్టి పాత కేబుల్ ఒక్కటి కూడా మిగలకుండా తీసేయండి. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో వచ్చినవే వాడండి. డిస్కులేవీ ఇప్పుడే తగిలించకండి. ఎస్‌ఎంపీఎస్ ఒకసారి రక్షణలోకి వెళ్తే వెంటనే మామూలు కాదు, వెనక స్విచ్ ఆపి ఒక నిమిషం వదిలేయాలి.

బోర్డుకు రెండు కేబుళ్లు తప్పనిసరి: 24 పిన్నులది, ప్రాసెసర్ పక్కన పైమూల దగ్గర పెట్టే 8 పిన్నులది. ఈ రెండోదాన్ని మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి గానీ డిస్‌ప్లే రాదు. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ కూడా 8 పిన్నులదే కావడంతో చాలామంది పొరబడతారు. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరూ రెండుగా విడిపోతుంది. విడదీసి చూస్తే తెలిసిపోతుంది. దూరకపోతే బలవంతం చేయకండి. 24 పిన్నులదానికి మాత్రం కాస్త గట్టిగానే నొక్కాలి, క్లిప్పు కొక్కెం మీదికెక్కి పట్టుకునేదాకా.

బోర్డు మీద లైటు చూసి ధైర్యపడకండి. అది కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉండే 5 వోల్టుల స్టాండ్‌బై లైను వల్ల వెలుగుతుంది, మిగతా లైన్ల గురించి అది ఏమీ చెప్పదు.

ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించాలంటే అన్ని పరికరాల నుంచీ విప్పి, 24 పిన్నుల ప్లగ్గులో ఆకుపచ్చ వైరును పక్కనున్న నల్ల వైరుతో పేపర్ క్లిప్పుతో కలపండి. ఇప్పటి కేబుళ్లు చాలావరకు నల్లగానే ఉంటాయి కాబట్టి లెక్కపెట్టాలి. విడిపోయే నాలుగు పిన్నుల ముక్క ఒక చివర ఉంటుంది కదా, దానికి ఎదుటి చివర నుంచి, ప్లగ్గు క్లిప్పు ఉన్న వరుసలో నాలుగోది, ఐదోది. స్విచ్ ఆపి ఉండగానే పేపర్ క్లిప్పు పెట్టి, ఆ తర్వాతే ఆన్ చేయండి. తక్కువ లోడులో ఫ్యాన్ తిరగని మోడళ్లు ఉన్నాయి, కనుక ఫ్యాన్ మీద ఆధారపడకుండా వోల్టేజీ కొలిచే మీటరు పెట్టండి: 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 లోపు, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. ఉండకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్పించుకోండి. ఉన్నంత మాత్రాన పూర్తిగా మంచిదని కాదు, లోడు పడినప్పుడు కుంగిపోయేవీ ఉంటాయి.

అక్కడ బాగుంటే బోర్డుకు ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచి చూడండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు కూడా తీసేయండి. ఫ్యాన్ అసలు కదలకపోతే క్యాబినెట్ ముందు వైపు ప్యానెల్ నుంచి వచ్చే పవర్ స్విచ్ సన్న వైర్లు పని మధ్యలో ఊడాయేమో చూడండి. ఆ వైర్లు తగిలించే బోర్డు మీది రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకిస్తే బటన్ నొక్కినట్టే.

ఇలా బయాస్ స్క్రీన్ (బోర్డు సెట్టింగుల తెర) వచ్చాక డిస్కులను ఒక్కొక్కటే తగిలించండి, ప్రతిసారీ ప్లగ్గు తీసి. ఏదో ఒక డిస్కు పెట్టగానే మళ్లీ ఫ్యాన్లు కదిలి ఆగిపోతే ఆ డిస్కుకే దెబ్బ తగిలింది. చాలా హార్డ్ డిస్కుల్లో పవర్ ప్లగ్గు దగ్గర అదనపు వోల్టేజీని అడ్డుకునే చిన్న డయోడ్ ఉంటుంది. అది షార్ట్ అయిపోయి మొత్తం ఎస్‌ఎంపీఎస్‌ని ఆపేస్తుంది. డేటా ఉండే ప్లాటర్లు (లోపలి గుండ్రటి పళ్లేలు) చాలావరకు బాగానే ఉంటాయి, కాబట్టి డిస్కును పారేయకండి. డేటా ముఖ్యమైతే మళ్లీ కరెంటివ్వకుండా రికవరీ చేసేవాళ్ల చేతికివ్వండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.